నవంబర్‌లో లాన్ ఫంక్షన్ పెట్టుకుంటే ఫోన్‌లో చూపించే ఉష్ణోగ్రతను నమ్మొచ్చా?

అమెరికాలోని డాలస్‌లో కోల్డ్ ఫ్రంట్, అంటే దూసుకొచ్చే చల్లగాలి ముందంచు, ఫలానా సాయంత్రం వస్తుందని గంటతో సహా చెప్పేవారు, హైదరాబాద్‌లో అలా ఎందుకు చెప్పరని మీరు అడిగారు. ఫోన్‌లో 18 డిగ్రీలని ఉంది కాబట్టి రాత్రి లాన్‌లో ఫంక్షన్ పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు. నేనూ ఆన్‌సైట్ మీద రెండేళ్లు అక్కడే ఉన్నాను, ఇప్పుడు హైదరాబాద్ చందానగర్‌లో ఉంటున్నాను. రెండు చోట్లా వణికాను కాబట్టి చెప్తున్నా.

అక్కడ ఒక అక్టోబర్ మధ్యాహ్నం టీషర్ట్‌తో లంచ్‌కి వెళ్లాను. తిని బయటికి వచ్చేసరికి ఉత్తరపు గాలి మొదలైంది, కారు దాకా పరిగెత్తాల్సి వచ్చింది. కెనడా నుంచి దిగే చల్లటి పొడి గాలికి అక్కడ అడ్డం ఏమీ లేదు. సముద్రం వైపు నుంచి వచ్చిన వెచ్చటి తేమ గాలి కిందకి ఈ చల్లగాలి దూరి దాన్ని పైకి తోసేస్తుంది. ఆ రెండు గాలుల మధ్య గీత ఎంత వేగంగా కదులుతోందో తెలుసు కాబట్టి గంట చెప్పగలరు.

మనకు పైన హిమాలయాలు గోడలా ఉన్నాయి. అక్కడ మంచు కురిశాక ఉత్తర భారతం మీదుగా పొడి గాలి మెల్లగా దిగి, ముందు ఆదిలాబాద్‌ను వణికించి, దారిలో కాస్త వేడెక్కి మన దాకా వస్తుంది. అసలు మన చలి ఎక్కడి నుంచో వచ్చి పడేదాని కన్నా ఇక్కడే పుట్టేది ఎక్కువ. అక్టోబర్ మధ్యకల్లా నైరుతి రుతుపవనాలు వెళ్లిపోతాయి, మబ్బులు విడిపోతాయి, గాలిలో తేమ తగ్గుతుంది. పగలు నేల పీల్చుకున్న వేడిని రాత్రి ఆపేది ఏదీ ఉండదు. గాలి కూడా ఆగితే ఇక చెప్పక్కర్లేదు. దీపావళికి దివ్వంత చలి అని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు.

ఇక మీ 18 సంగతి. మా చెల్లెలి రిసెప్షన్ నగర శివార్లలో మొయినాబాద్ వైపు ఒక లాన్‌లో చేశాం. ఫోన్ అప్పుడూ 18 అనే చూపించింది. తొమ్మిది దాటేసరికి కుర్చీల కవర్లు మంచుకు తడిసి చేతికి చల్లగా తగిలాయి. ప్లేట్లో బిర్యానీ అంచున నెయ్యి తెల్లగా పేరుకుంది. ఖమ్మం నుంచి స్వెటర్ లేకుండా వచ్చిన మా పెద్దమ్మ స్టేజ్ వెనకాల జనరేటర్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఫోటోల కోసం ఎంత పిలిచినా లేవలేదు. తప్పు ఫోన్‌ది కాదు, నాది. ఆ అంకె నగరం మొత్తానికి. సిటీ మధ్యలో కాంక్రీటు రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది. శివార్లలోని పటాన్‌చెరు, రాజేంద్రనగర్, హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) వైపు ఖాళీ నేల, చెట్లు ఎక్కువ. నిర్మలమైన రాత్రుల్లో సిటీ మధ్యలోని బేగంపేట కన్నా అక్కడ మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే.

అందుకే నేను ఇప్పుడు అంకె చివర్లో చూస్తాను. ముందు మబ్బు, తర్వాత గాలి దిక్కు. వాతావరణ శాఖ వారం రోజుల అంచనాలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. తూర్పు గాలి తేమ తెస్తుంది, మబ్బు దుప్పటిలా కప్పుతుంది, రాత్రి వెచ్చగా ఉంటుంది. చలికి బదులు వాన టెన్షన్. అల్పపీడనాలు దారి మార్చుకుంటూ ఉంటాయి కాబట్టి మూడు నాలుగు రోజుల ముందు చూసిందే లెక్క. రెండు వారాల ముందే చూసి టెంట్ వాడికి అడ్వాన్స్ ఇవ్వకండి. తెలంగాణ రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ వాళ్ల ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్లు మండలాల వారీగా ఉన్నాయి. మీ లాన్ ఉన్న మండలంలో నిన్న రాత్రి కనిష్ఠం ఎంతో చూడండి, ఫోన్ కన్నా అదే పనికొస్తుంది. కాకపోతే కనిష్ఠం అంటే తెల్లవారుజామున ఉండేది, మీ భోజనాల టైముకి అంత చలి ఉండదు.

పైన షామియానా మాత్రం తప్పకుండా వేయించండి. గాలి ఆపడానికి కాదు, మంచు పడకుండా, నేల వేడి పైకి పోకుండా. భోజనాలు ఏడున్నరకే మొదలుపెట్టండి. దూరం నుంచి వచ్చే పెద్దవాళ్లకు శాలువా తెచ్చుకోమని ఇప్పుడే ఫోన్ చేయండి. మా బాత్రూంలో కొబ్బరినూనె మొన్నటి నుంచే గడ్డకడుతోంది.