మన్ను తవ్వేముందు మావయ్య మాట

చిన్నీ,

శిలాజ నేలల మీద, అంటే రాయిగా మారిన ఒకప్పటి మట్టి నేలల మీద పని చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ అత్తయ్యకి ఆ మాటే నాలుగుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఒక్కదానివే వాగుల వెంట తిరుగుతావేమోనని టెన్షన్.

సామాను సంగతి నీకు తెలిసిందే. పార, సుత్తి, టేపు, మట్టి రంగు పోల్చి చూసుకునే మన్సెల్ రంగుల పుస్తకం, పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్. సీసా మూత గట్టిగా బిగించు.

పొర పైఅంచు కత్తితో కోసినట్టుండి, కిందికి పోయేకొద్దీ మెల్లగా మామూలు బురదరాయిలో కలిసిపోతుంటే పాత నేలేమోనని ఆగి చూడు. వేళ్ల జాడలు వెతుకు. ఎరుపైతే గాలి ఆడిన నేల, బూడిద రంగైతే నీళ్లు నిలిచిన నేల అని చదివే ఉంటావు. నేనూ చదివాను. చదివే బోల్తా పడ్డాను.

నీ వయసులో ఒక గట్టు కొలిచాను. నిలువెత్తున ఒకే ఎర్ర నేలలా కనిపించింది. కింద దొరికిన సున్నపు కంకర మీద యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగింది. నేలలో అలాంటి కంకర కట్టడానికి చాలాకాలం పడుతుంది కదా. ఎండ మాడిపోతోంది, తవ్వడానికి ఒళ్లు వంగలేదు. ‘బాగా ముదిరిన నేల. చాలాకాలం వరద మట్టి పెద్దగా పడలేదు. కాబట్టి నది దూరం’ అని రాసేశాను. సూత్రం తప్పు కాదు. 1987లో బౌన్, క్రౌస్ అనే భూగర్భ శాస్త్రవేత్తలు అమెరికాలో వయోమింగ్‌లోని విల్‌వుడ్ రాళ్లలో చూపించిందీ అదే. పాయ దగ్గర మట్టి గబగబా పడుతుంది, నేలకి ముదిరే తీరిక ఉండదు. దూరం పోయేకొద్దీ ముదురుతుంది.

మరుసటేడు ఇంకో కుర్రాడు అదే గట్టులో మోచేతి లోతు గాడి తీశాడు. పైపొర ఎర్రమట్టి వానలకి కారి గట్టంతా పూత పూసిందట! ఆ పూత వెనక జానెడేసి మందాన అయిదు లేత నేలలు, మధ్యమధ్య అలల గుర్తులైనా చెరగని సన్నటి ఇసుక. వేళ్లు దిగేలోపే మళ్లీ వరద అన్నమాట. నా కంకర గట్టు తల మీంచి దొర్లిపడింది. నది పక్కనే ఉండేది. దాని ఇసుక గట్టిపడిన రాతిబండ నీడలోనే నేను రోజూ భోజనం చేశాను.

అందుకే గాడి తీయకుండా ఒక్క అక్షరం రాయకు. కంకర పొరలో కూరుకుని ఉన్నదే తీసుకో. శివాలిక్ కొండల్లో సుమారు 70 లక్షల ఏళ్ల కిందట గడ్డి జాతులు విస్తరించాయని తెలిసింది కంకరలోని కార్బన్ వల్లే. దొర్లిన కంకర ఏ పొర కథ చెబుతుందే పిచ్చిదానా?

వేలాడే బండ కింద మాత్రం గాడి వద్దు. ఎగువన మబ్బు పడితే కొలత సగంలో ఉన్నా వాగులోంచి బయటికి వచ్చేయ్. తోడు లేకుండా అసలు వెళ్లకు. సిగ్నల్ ఉండని రోజు ముందే చెప్పు తల్లీ, రాత్రి ఎనిమిది దాటితే మీ అత్తయ్య నన్ను కూర్చోనివ్వదు.

మావయ్య