వాచీ సరే, ఆ నొప్పి మాత్ర ముందు ఆపండి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం హనుమకొండ జేఎన్‌ఎస్ గ్రౌండ్‌లో రోజూ పరుగెత్తుతున్నాను. వాచీలో గుండె వేగం ఒక్కోసారి 180 దాటుతోంది. మంచి జీపీఎస్ వాచీ, ఛాతీకి కట్టుకునే పట్టీ కొనాలా? మూడు వారాలుగా కుడి మోకాలి కింద ముందు ఎముక నొప్పి. డైక్లోఫెనాక్ వేసుకుని పరుగెత్తుతున్నాను.
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. నొప్పి ఉన్న ఎముక లోపలి అంచును వేలితో పైనుంచి కిందికి నొక్కి చూడండి. నాలుగు వేళ్ల మేర నొప్పిగా ఉంటే చాలావరకు షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఒత్తిడికి ఆ ఎముక అంచు వెంట వచ్చే నొప్పి. కొన్ని వారాలు పరుగు తగ్గిస్తే సర్దుకుంటుంది. ఒక్కచోటే కలుక్కుమన్నా, రాత్రి పడుకున్నాక సలిపినా స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో వెంట్రుకంత చీలిక ఉందేమోనని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఇది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ‘నార్మల్’ అని వచ్చిందని మళ్లీ గ్రౌండ్‌కు పోకండి. అవసరమైతే ఎంఆర్‌ఐ రాస్తారు.

డైక్లోఫెనాక్ నొప్పిని తెలియనివ్వదు, అంతే. దాంతో మీరు దెబ్బతిన్న ఎముక మీదే దూకుతున్నారు. పైగా చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసే రసాయనాలను ఈ మాత్ర అడ్డుకుంటుంది. మన దగ్గర ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తున్నారని రోజూ మింగేస్తే ఎలా? మూత్రం తగ్గినా, డికాక్షన్ రంగులో వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక 180 సంగతి. మణికట్టు వాచీ చర్మంలోకి పచ్చ లైటు వేసి, తిరిగొచ్చే వెలుతురును బట్టి లెక్కగడుతుంది. పట్టీ వదులుగా ఉంటే మీ అడుగులనే గుండె వేగంగా చూపించవచ్చు. పరుగులో నిమిషానికి 160–180 అడుగులు మామూలే. మణికట్టు ఎముకకు వేలెడు పైన బిగించి కట్టుకోండి. ఆగిన వెంటనే నాడి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించి పోల్చుకోండి. ఆలస్యం చేస్తే వేగం పడిపోతుంది. అయినా గట్టి పరుగులో మీ వయసుకు 180 వింతేమీ కాదు. గుండె గరిష్ఠ వేగానికి 220 నుంచి వయసు తీసేసే సూత్రం ఉజ్జాయింపే, పది పన్నెండు అటూఇటూ ఉంటుంది.

ఛాతీ పట్టీ లెక్క ఇంకా కచ్చితం, కానీ మీకిప్పుడు అవసరం లేదు. 400 మీటర్ల ట్రాక్ లోపలి లేన్‌లో నాలుగు రౌండ్లు వేస్తే మీ ఈవెంట్స్‌లోని 1600 మీటర్ల పరుగు పూర్తవుతుంది. వంపుల్లో జీపీఎస్ దూరం తప్పుతుంది కూడా. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో ఈ పరుగుకు పురుషులకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు, అంటే రౌండుకు 1 నిమిషం 48 సెకన్ల పైచిలుకు. మామూలు స్టాప్‌వాచ్ చాలు.

పరుగులో ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఉన్నా, ఇంట్లో 50 ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉన్నా ముందు ఈసీజీ, 2డి ఎకో (గుండె స్కాన్) చేయించుకోవాలి.

చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. పరుగు ఆపి, ఈ వారమే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. ఎన్ని మాత్రలు మింగారో దాచకుండా చెప్పండి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష రాస్తారు.