ఐపీ పెడుతున్నాం, ఇంటద్దె ఎంత వరకు ఉండొచ్చు?

మీరు రాసింది చదివాను తమ్ముడూ. శ్రీకాకుళంలో ఫ్యాన్సీ షాపు మూసేశారు, బయట ప్రామిసరీ నోట్ల మీద చేసిన అప్పులు తీరే దారి లేదు, ఐపీ, అంటే కోర్టులో దివాలా పిటిషన్, పెడదామనుకుంటున్నారు. ఇప్పుడు షోరూంలో లెక్కలు రాస్తే వచ్చేది 22 వేలు, అద్దె 11 వేలు, ఇద్దరు చదువుకునే పిల్లలు. అద్దె ఎంత ఉంటే కోర్టు తప్పుపట్టదు, లేకపోతే నరసన్నపేట దగ్గర మీ నాన్నగారింటికి వెళ్లిపోవాలా అన్నది మీ ప్రశ్న. మాది విజయనగరం, మా ఆయన హార్డ్‌వేర్ కొట్టు మునిగాక ఐపీ పెట్టారు, ఆ రోజుల్లో ఇంటి లెక్కలన్నీ చూసింది నేనే కాబట్టి రాస్తున్నాను.

మీరడిగిన అంకె మన చట్టంలో లేదు. యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసుంటారు, అక్కడ కౌంటీని బట్టీ ఇంట్లో మనుషుల్ని బట్టీ ఇంటి ఖర్చు ఇంత అని వాళ్ల పన్నుల శాఖ పట్టిక వేస్తుంది, దివాలా కేసుల్లో దాన్నే వాడతారు. మన జిల్లాల్లో మామూలు మనుషులకి ఇప్పటికీ నడుస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది కదా అని కొందరంటారు గానీ, అందులో వ్యక్తుల భాగం 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పులకి వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది. ఈ పాత చట్టం ప్రకారం 500 రూపాయల అప్పున్నవాడు కూడా ఐపీ వేసుకోవచ్చు, అంటే ఏ కాలంలో రాశారో మీరే ఊహించుకోండి. అద్దె గురించి అందులో విడిగా ఏమీ లేదు. 66వ సెక్షన్‌లో మాత్రం దివాలా తీసినవాడి ఆస్తిలోంచి అతనికీ కుటుంబానికీ పోషణ కోసం కోర్టు తగినంత ఇప్పించవచ్చని ఒక మాటుంది. ఆస్తంటూ ఏమైనా మిగిలినవాళ్లకి పనికొచ్చే మాట అది.

అందుకే అద్దె సంగతి ఎక్కడ తేలుతుందంటే, మిమ్మల్ని బోనులో నిలబెట్టి అప్పులవాళ్ల లాయరు ప్రశ్నలు వేసే దగ్గర. మా ఆయన్ని అదే అడిగారు, చేతిలో చిల్లిగవ్వ లేదంటున్నావు, మరి నెలనెలా ఇంటద్దె ఎలా కడుతున్నావు, ఆ డబ్బు ఎక్కడ దాచావు అని. అప్పటికి మేము కోట దగ్గర 9,500 ఇల్లు వదిలేసి దాసన్నపేటలో మేడమీద రెండు గదుల వాటాకి వచ్చాం, అద్దె 5,500. ఆయన జీతం బ్యాంకులో పడిన కాగితం, అదే ఖాతాలోంచి ఇంటివాళ్లకి ఫోన్‌పేలో వెళ్లిన అద్దె, నా కుట్టుపని పుస్తకం, ఈ మూడూ మా లాయరుగారు ముందే పెట్టి ఉంచారు కాబట్టి ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. అద్దె తక్కువన్నది ఒక్కటే అయితే ఆగేది కాదని నా నమ్మకం. కనిపించే ఆదాయంలోంచి కనిపించే దారిలో వెళ్తున్న అద్దె అయితే 5 వేలైనా 7 వేలైనా సమాధానం చెప్పుకోవచ్చు, కాగితం లేకుండా చేతికిచ్చే 3 వేలకి కూడా అనుమానపడతారు.

ఇప్పుడు మీ లెక్కకి వద్దాం, ఇక్కడే చాలామంది జీతం మొత్తం చూసుకుని అద్దె ఒప్పుకుంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు అప్పు డిక్రీకి (అప్పు కట్టమని కోర్టు ఇచ్చే తీర్పుకి) జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు, ఆ మిగిలిన మూడో వంతుని జప్తు చేయొచ్చు. మీ 22 వేలలో వెయ్యి తీస్తే 21 వేలు, అందులో మూడో వంతు 7 వేలు. అంటే గట్టిగా మీదనుకోవాల్సింది 15 వేలు. ఐపీ వేయకముందు ఎవరైనా డిక్రీ తెచ్చుకుని జీతం మీద పడినా, దివాలా ప్రకటించాక ఆ భాగం రిసీవరుకి (దివాలా ఆస్తి చూడ్డానికి కోర్టు పెట్టే మనిషికి) పొమ్మన్నా, మీ ఇల్లు ఈ 15 వేల మీదే నడవాలి. ఒకే డిక్రీకి జీతం కోత మొత్తం మీద 24 నెలలు దాటకూడదన్న రక్షణ ఉంది, కానీ నోట్లు చాలా ఉన్నప్పుడు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. 15 వేలలో 11 వేలు అద్దెకి పోతే నలుగురు ఏం తింటారు, కోర్టు అడగక్కర్లేదు, మీరే చెప్పండి. నా లెక్కలో మీకు అద్దె, కరెంటు బిల్లు, నీళ్ల డబ్బులు, మెయింటెనెన్స్ అన్నీ కలిపి ఆరు, ఆరున్నర వేలు దాటకూడదు. శ్రీకాకుళంలో కొత్త అపార్ట్‌మెంటు వద్దనుకుంటే, పెద్దపాడు వైపో ఆమదాలవలస రోడ్డు వైపో పాత డాబాల్లో వాటా వెతకండి. టూలెట్ బోర్డులు చూస్తూ నడిచి తిరిగితే దొరికేవి ఫోన్‌లో కనపడవు.

ఊరెళ్లిపోవడం గురించి మాత్రం తొందరపడొద్దు. అద్దె లేదు నిజమే, కానీ రోజూ శ్రీకాకుళానికి బస్సు, రాత్రి షోరూం మూసేసరికి ఆలస్యం, పిల్లల బడి మార్పు, ఇవన్నీ కలిపి చూస్తే మిగిలేది తక్కువే ఉండొచ్చు, పైగా ఉద్యోగం పోతే మొత్తానికే ఎసరు. ఇంకోటి, వ్యవసాయదారుడు తను ఉంటున్న ఇల్లు జప్తుకి రాదని అదే 60వ సెక్షన్‌లో ఉంది, అది విని షాపులవాళ్లు కూడా ఊళ్లో ఇంటికి మారిపోతే సరిపోతుందనుకుంటారు. వ్యవసాయం మీద బతికేవాళ్లకి ఇచ్చిన రక్షణ అది, మీకు రాదు. మీ నాన్నగారి స్వార్జితమైతే ఆయన ఉండగా మీ అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు, తాతల ఆస్తి అయితే మీ వాటా లెక్కలోకి వస్తుంది, పిటిషన్‌లో చూపించాల్సిందే.

అలాగే ఇల్లో స్థలమో ఉండి దాన్ని మీ ఆవిడ పేరుకి మార్చేసి అదే ఇంట్లో ఉంటామని మీ మనసులో ఉంటే మానుకోండి. రాసిన రెండేళ్లలోపు ఐపీ పడి దివాలా ప్రకటిస్తే, మంచి నమ్మకంతో సరైన ధర ఇచ్చి కొన్నవాళ్లకి తప్ప, ఆ 1920 చట్టం 53వ సెక్షన్ కింద అలాంటివి కొట్టేయించే హక్కు రిసీవరుకి ఉంది. బ్యాంకు లోను ఉన్న ఇల్లయితే దాని కథ వేరు, తాకట్టు పెట్టుకున్నవాళ్లకి ఐపీతో పని లేదు, 60 రోజుల నోటీసు ఇచ్చి సర్ఫేసీ చట్టం కింద ఇంటి మీదకి వస్తారు. మీకు సొంతిల్లు ఉందని రాయలేదు కాబట్టి ఇది ఇంతటితో వదిలేస్తున్నా.

అద్దెకున్నవాళ్లకి అసలు చిక్కులు అడ్వాన్సు దగ్గర, బాకీ దగ్గర వస్తాయి. ఇప్పుడున్న ఇంటివాళ్ల దగ్గర ఉన్న అడ్వాన్సు మీ ఆస్తే, పిటిషన్‌తో ఇచ్చే జాబితాలో రాయండి, చిన్నదే కదా అని వదిలేస్తే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. అద్దె బాకీ ఉంటే ఇంటాయన కూడా మిగతా అప్పులవాళ్లలో ఒకడు, ఐపీ ముందు మూడు నెలల్లో ఆయనొక్కడికే మేలు చేయాలని పాతదంతా తీర్చేస్తే 1920 చట్టంలోనే 54వ సెక్షన్ కింద ప్రశ్న వస్తుంది. నెలనెలా ఉంటున్నందుకు కట్టే అద్దె సంగతి వేరు, అది ఆపొద్దు, ఆపితే ఖాళీ చేయమంటారు, ఐపీ కాగితం చూపించి ఇంట్లో కూర్చోవడం కుదరదు. కొత్త ఇంటి అడ్వాన్సుకి చేబదులు తీసుకుంటే, దివాలా ప్రకటించాక అయితే, ఇచ్చేవాళ్లకి నేను దివాలా తీశానని చెప్పి తీసుకోండి. చెప్పకుండా 50 రూపాయలో అంతకు మించో అప్పు చేస్తే ఆరు నెలల వరకు జైలుశిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ వేయొచ్చని ఉంది అదే చట్టం 72వ సెక్షన్‌లో. అవును, యాభయ్యే. ఎవరూ దాన్ని మార్చలేదు.

ఇంటివాళ్లకి చెప్పాలా వద్దా అని మాకూ టెన్షనే. దాస్తే ఆగదు, నోటీసులు ఇంటి అడ్రసుకే వస్తాయి, దివాలా ఉత్తర్వు గెజిట్‌లో కూడా వేస్తారు, అప్పులవాళ్లు ఎలాగూ వాకిట్లోకి వస్తారు. "ఐపీ పెట్టినోళ్లకి ఇల్లివ్వం" అని మొహం మీద చెప్పినవాళ్లున్నారు. మాకు ఇల్లిచ్చిన పెద్దావిడ ఒకటే అడిగింది, "అదంతా నాకేటమ్మా, ఐదో తారీఖు దాటకుండా అద్దెత్తావా?" అని. అడ్వాన్సు ఒక నెల ఎక్కువ తీసుకుంది, దానికి నేను బేరమాడలేదు. ఇల్లు మారగానే కొత్త అడ్రసు లాయరుగారికి ఇచ్చి కోర్టులో పెట్టించండి, లేకపోతే పారిపోయాడన్న మాట పుట్టిస్తారు.

సామాన్ల భయం కూడా రాశారు. వంటపాత్రలు, మంచాలు పరుపులు, కట్టుబట్టలు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు తీయకూడని నగ, ఇవి అమీనా (జప్తుకి వచ్చే కోర్టు మనిషి) తీసుకెళ్లడానికి లేదు. టీవీ, ఫ్రిజ్‌కి ఆ రక్షణ లేదు. నా కుట్టు మిషన్ నా సంపాదనతో కొన్నదే, బిల్లు ఉంది కాబట్టి ఎవరూ మాట్లాడలేదు, మీ ఆవిడ వస్తువులుంటే బిల్లులు వెతికి పెట్టుకోండి.

ఇంకో మాట, కేసు ఏళ్లు పడుతుంది. ఏటేటా అద్దె పెంచుతామనే ఇంటివాళ్లయితే పెంపు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. మీ ఆవిడ కూడా నోట్ల మీద సంతకాలు పెట్టి ఉంటే ఆవిడ కేసు విడిగా చూసుకోవాలి, జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థకి వెళ్తే ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. మీ 11 వేల ఇంటి అడ్వాన్సు ఎంతుందో, పాత అద్దె బాకీ ఏమైనా ఉందో రాయండి, దాన్ని బట్టి ఇల్లు ఐపీకి ముందు మారాలా తర్వాతా అన్నది చెప్తాను.