తోట అమ్మకండి, అప్పు అమ్మాయి పేరున తీసుకోండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కిరాణా దుకాణం, ఊరి బయట ఎకరంన్నర జీడితోట ఉన్నాయి. అమ్మాయి బరంపురంలో భూగోళశాస్త్రంతో డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు జియోఇన్ఫర్మాటిక్స్‌లో ఎం.ఎస్సీ. చదువుతానంటోంది. కంప్యూటర్లో పటాలు, ఉపగ్రహ చిత్రాలతో చేసే పనట. ఫీజు, హాస్టలు కలిపి రెండేళ్లకు 4 లక్షలు. ఆమె పెళ్లికని డిపాజిట్ చేసిన 5 లక్షలు తీయాలా, తోట అమ్మాలా? పాతపట్నంలోని మా బావమరిది చిరునామా పెడితే ఆంధ్రాలో ఫీజు రాయితీ వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: చివరి మాట ముందు తేల్చేద్దాం. ఆంధ్రప్రదేశ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ రాష్ట్రం వారికే. మీ పిల్ల చదువంతా ఒడిశా సర్టిఫికెట్ల మీద ఉంది. బావమరిది చిరునామాతో దొంగ స్థానికత సృష్టిస్తే సీటుకే ఎసరు వస్తుంది. ఆ ఆలోచన మానండి.

ఇక డబ్బు సంగతి. తోట జోలికి వెళ్లవద్దు, డిపాజిట్ కూడా కదపవద్దు. 4 లక్షల వరకు విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తనఖా అడగవు. అప్పు అమ్మాయి పేరున ఉంటుంది, మీరు సహరుణగ్రహీతగా సంతకం చేస్తారు. చదువు ముగిశాక మరో ఏడాది వరకు వాయిదాలు కట్టనవసరం లేదు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

వడ్డీ 10 శాతం, ఏడాదికి 2 లక్షల చొప్పున విడుదల అనుకుందాం. మూడేళ్లలో వడ్డీ లక్ష రూపాయలు పేరుకుంటుంది. అప్పుడు 5 లక్షలను ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 8,300. అదే వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేస్తే వాయిదా 6,640 దగ్గర ఆగుతుంది. మీ డిపాజిట్‌పై 6.5 శాతం వస్తోందనుకుంటే ఏడాదికి 32,500. మొదటి ఏడాది వడ్డీ 20,000 అందులోనే పోతుంది. తర్వాతి రెండేళ్లూ ఏడాదికి 40,000, కొద్దిగా దుకాణం నుంచి కలపాలి.

వచ్చేది 6.5, కట్టేది 10 అయితే డిపాజిట్ తీసి కట్టేయడమే నయం కదా అంటారు. లెక్క ప్రకారం నిజమే. తేడా ఏడాదికి 14,000 దాటదు. దుకాణంలో సరుకు మునిగినా, ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినా చేతిలో 5 లక్షలు ఉండడానికి ఆ మాత్రం చెల్లించవచ్చని నా అభిప్రాయం. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుండి, కళాశాల ప్రధానమంత్రి విద్యాలక్ష్మి అనే కేంద్ర విద్యారుణ పథకం జాబితాలో ఉంటే, వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీ దొరకవచ్చు. అప్పుడు ఆ తేడా కూడా దాదాపు మాయమవుతుంది. బ్యాంకులో ముందు దీని గురించే అడగండి.

ఉద్యోగాలంటారా? భూముల రీసర్వే, గనులు, అడవులు, పురపాలక పన్నులు, విద్యుత్ లైన్లు, అన్నింటికీ ఈ పటాల పని కావాలి. కానీ ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉండే కొలువులు ఎక్కువ. వాయిదా జీతంలో మూడో వంతు దాటకూడదు. 8,300 కట్టాలంటే 25,000 జీతం కావాలి. 18,000 దగ్గర మొదలైతే దాదాపు సగం పోతుంది. వడ్డీ ఇప్పుడే కట్టమనడం అందుకే.

అసలు పిల్లకు ఈ పని నచ్చుతుందా? అది తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతోంది. ఒడిశా భూనక్షా వెబ్‌సైటులో మీ తోట ప్లాటు పటం చూడవచ్చు. దాన్ని ఉపగ్రహ చిత్రంపై సరిగ్గా కూర్చోబెట్టి, నాలుగు గట్లూ గీసి, వచ్చిన విస్తీర్ణాన్ని పట్టాలోని అంకెతో పోల్చమనండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో మీకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. రెండు రాత్రులు విసుగు లేకుండా దాని ముందు కూర్చుంటే అప్పుకు వెళ్లండి.

ఫీజు కట్టే ముందు కళాశాలకు మీరే వెళ్లి ప్రయోగశాల చూడండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతారా, వారానికి ఎన్ని గంటలు కంప్యూటర్ దగ్గర కూర్చోనిస్తారు అని అడగండి. కిందటేడు ఇదే కోర్సు ముగించిన ఇద్దరితో మాట్లాడించమనండి. వాళ్లు ఏం పని చేస్తున్నారో విన్నాకే సంతకం పెట్టండి.