కోశాధికారి అయిన మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి, చిత్తూరు నుంచి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మన చెరువుల సంరక్షణ సంఘం తిరుపతి శాఖకు నిన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారని అక్కయ్య ఫోనులో చెప్పిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా వేరుపడేదాకా తిరుపతి సభ్యులు కూడా మా చిత్తూరు శాఖలోనే ఉండేవారు. ఆ లెక్కలు పదకొండేళ్లు రాసినవాణ్ణి కనుక, నీ పేరు వినగానే ఎంత గర్వం కలిగిందో అంత భయమూ కలిగింది.

డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను, అందులో నీకు తెలియనిది తక్కువ. శాఖ విడిగా రిజిస్టరు కాలేదు గనుక దానికి సొంత పాన్ లేదు. ప్రధాన సంఘం తీర్మానంతో, దాని పాన్ మీద తెరిచిన ఖాతాలోనే ప్రతి రూపాయీ పడాలి. నీ సొంత ఫోన్‌పే నంబరును ఒక్క రోజుకైనా విరాళాలకు ఇవ్వవద్దు. నగదుగా ఇచ్చిన విరాళం రూ. 2,000 దాటితే దాతకు పన్ను మినహాయింపు రాదని రసీదు రాయకముందే చెప్పు. దాతల వివరాలను ప్రధాన కార్యాలయం ఏటా ఆదాయపు పన్ను శాఖకు సమర్పించాలి కాబట్టి, మార్చి నెలాఖరుకే నీ పట్టిక వారికి చేరాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల అంకెలు మారాయి. పాత రసీదు పుస్తకంలో అచ్చయిన అంకెను నమ్మక ఆడిటరును అడుగు.

తిరుపతిలో పెరిగిన మనకు పేరు చెప్పకుండా హుండీలో వేయడం పుట్టుకతో వచ్చిన అలవాటు. పూర్తిగా మతపరమైన సంస్థలకు చెల్లే ఆ పద్ధతి మన సంఘానికి చెల్లదు. పేరూ చిరునామా లేని విరాళాలు లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించినప్పుడు, మించిన మొత్తంపై 30 శాతం పన్ను పడుతుంది. అమెరికాలో ఉన్న మీ అన్న అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు కనుక, వాడు ప్రేమతో పంపినా అది చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి మన సంఘానికి లేదు. వాడి దగ్గర రూపాయి కూడా తీసుకోకు, వాడు నొచ్చుకుంటే నా పేరు చెప్పు.

ఇక నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టిన విషయం చెబుతాను.

1999 ఎన్నికల ముందు, నాకు బాగా తెలిసిన ఒకాయన ఇంటికి వచ్చి, తమ అభ్యర్థి చెరువుల మరమ్మతుపై సభ పెడుతున్నాడనీ, మన సభ్యులను పిలవాలనీ, జాబితా ఒక్క రాత్రికి ఇమ్మనీ అడిగాడు. చెరువుల మాట ఎత్తేసరికి నాకు మరో ఆలోచన రాలేదు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన సభ్యుల పుస్తకాన్ని ఆయన చేతిలో పెట్టాను. తెల్లవారి భద్రంగా తిరిగి తెచ్చి ఇచ్చాడు, నేను కాఫీ కూడా ఇచ్చి పంపాను. వారం తిరగకముందే మన సంఘం ఆ అభ్యర్థిని బలపరుస్తున్నట్టు కరపత్రాలు వీధుల్లో పడ్డాయి. ఎన్నికల కరపత్రం మీద ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు ఉండితీరాలని చట్టం ఉండబట్టి, అడుగున ఉన్న చిన్న అక్షరాలను పట్టుకుని ప్రెస్సుకు వెళ్లాను. ప్రచురణకర్తగా ఉన్నది నా దగ్గర పుస్తకం తీసుకున్నాయన పేరే. ఆ కరపత్రంతో శాఖకు సంబంధం లేదని తీర్మానం రాసి ప్రధాన కార్యాలయానికి పంపేసరికి ఆ గొడవ సద్దుమణిగింది.

సద్దుమణగనిది వేరే ఉంది. ఆ పుస్తకంలో పేరుకు ఎదురుగా విరాళం మొత్తం కూడా రాసేవాణ్ణి. భర్త పోయిన ఒక పంతులమ్మ, ఇంట్లో ఎవరికీ తెలియకుండా, చెరువు కట్టకని వెయ్యి రూపాయలు ఇచ్చింది. ఆ ఒక్క రాత్రిలో ఆయన తీయించుకున్న జిరాక్సు కాగితాలు చేతులు మారి ఆమె మరిది దాకా పోయాయి. ఒక సాయంత్రం ఆమె మా గడప బయటే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, ‘‘నా పేరు ఎవరికీ తెలియనివ్వవద్దని మిమ్మల్ని అడిగాను కదండీ’’ అంది. ఆ తర్వాత ఒక్క మాట కూడా అనలేదు. సభ్యత్వం మానుకుంటానని కాగితం ఇచ్చి వెళ్లిపోయింది.

దాత పేరు పన్ను లెక్కలకు కావాలి. అంతమాత్రాన అది నోటీసు బోర్డు మీదికీ వాట్సాప్ గ్రూపులోకీ రావాలని ఏ చట్టమూ చెప్పలేదు తల్లీ. సభ్యుల జాబితా ఒకచోట, విరాళాల పట్టిక ఇంకొకచోట పెట్టు. ఆధార్ నకలు తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే కనిపించేది తీసుకో. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం, ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నామో సభ్యులకు అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలి. నోటీసును తెలుగులోనే రాయించు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. గడువుంది కదా అని నువ్వు ఆగవద్దు.

అర్జీలు మానుకొమ్మని దీని అర్థం కాదు. సోమవారం కలెక్టరు కార్యాలయానికి వెళ్లి ఆక్రమణ మీద అర్జీ ఇవ్వడం, ముసాయిదా నిబంధనలపై అభిప్రాయం పంపడం, సమాచార హక్కు కింద సర్వే పటాలు అడగడం మన పనే. అయితే ప్రతిదానికీ ముందుగా శాఖ తీర్మానం ఉండాలి. ఏ పార్టీ వారైనా, ఎంత మంచివారైనా, అభ్యర్థి ఉన్న వేదిక మీదికి సంఘం బ్యానరు వెళ్లకూడదు. నీ ఓటు, నీ అభిప్రాయం నీవి. లెటర్‌హెడ్ నీది కాదు.

తిరుపతి సభ్యుల పాత ఫారాలు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి. ఎవరి చేతా పంపను. కమిటీలో ఇంకొకరిని వెంటబెట్టుకుని నువ్వే వచ్చి, లెక్కపెట్టి, సంతకం చేసి తీసుకువెళ్లు. ఆ పంతులమ్మ ఫారం అందులో ఉండదు, మరునాడే ఆమె ఇంటికి వెళ్లి తిరిగి ఇచ్చేశాను.

ఆశీస్సులతో,
మామయ్య