బోర్డు గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్?

ప్రశ్న: డిప్లొమా ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే సర్క్యూట్‌ను జీరో పీసీబీ (రంధ్రాలు మాత్రమే ఉండే రెడీమేడ్ బోర్డు) మీద చేశాను, బాగానే పనిచేస్తోంది. దాన్నే పద్ధతిగా పీసీబీ (రాగి ట్రాక్‌లు అచ్చు వేసిన బోర్డు) చేయించాలని ఉంది. సీనియర్లు ఈగిల్ అంటున్నారు, యూట్యూబ్‌లో ఈజీఈడీఏ అంటున్నారు. నాది 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్. ఏది నేర్చుకోమంటారు? – ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: కీక్యాడ్ నేర్చుకోండి.

ఈగిల్ మంచిదే, మా వయసువాళ్లలో చాలామందికి చేయి తిరిగింది దాని మీదే. కానీ 2016లో దాన్ని కొన్న ఆటోడెస్క్, 2026 జూన్ 7తో ఆపేస్తామని 2023లోనే ప్రకటించింది. పైగా ఉచిత వెర్షన్‌లో బోర్డు 80 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టడం దండగ. సీనియర్ల పాత ఫైళ్లుంటే కీక్యాడ్‌లోకి ఇంపోర్ట్ చేసుకోవచ్చు.

ఈజీఈడీఏ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. చైనాలో ఎల్‌సీఎస్‌సీ నుంచి పార్టులు తెప్పించుకుని, జేఎల్‌సీపీసీబీలో బోర్డు చేయించేవాళ్లకు పని చకచకా అవుతుంది. నెట్ లేనప్పుడూ మన ఫైలు మన చేతిలో ఉండాలని నా పట్టుదల, అందుకే అటు మొగ్గను.

కీక్యాడ్‌ను 1992లో ఫ్రాన్స్‌లో జాన్ పియర్ షరాస్ మొదలుపెట్టారు. 2013 నుంచి యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ చేయూతనిచ్చింది. పూర్తిగా ఉచితం, బోర్డు సైజుకు పరిమితి లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 3డీ మోడళ్ల దగ్గర టిక్ తీసేయండి, డిస్క్‌లో బోలెడు చోటు మిగులుతుంది.

ఇక మీ బోర్డులో అసలు జాగ్రత్త రిలే (చిన్న వోల్టేజీతో మెయిన్స్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) దగ్గర. షాపుల్లో దొరికే చిన్న నీలం రంగు రిలేను తిప్పి చూడండి: రెండు కాయిల్ కాళ్ల నడుమనే, మెయిన్స్ కలిపే కామన్ కాలు ఉంటుంది. అంటే 5 వోల్టుల పక్కనే 230 వోల్టులు! మెయిన్స్ ట్రాక్‌లకు కీక్యాడ్‌లో వేరే నెట్ క్లాస్ (ట్రాక్‌ల గుంపుకు విడి నియమాలు) పెట్టి, క్లియరెన్స్, అంటే ట్రాక్‌ల మధ్య ఖాళీ, 6 మిల్లీమీటర్లు ఇవ్వండి. కామన్ కాలి దగ్గర అంత ఖాళీ దొరకదు, డీఆర్‌సీ (కీక్యాడ్ చేసే డిజైన్ నియమాల తనిఖీ) అక్కడ ఎర్రర్ చూపిస్తుంది. దాన్ని కొట్టిపారేయకుండా, ఆ కాలికీ కాయిల్ కాళ్లకూ నడుమ ఎడ్జ్ కట్స్ లేయర్‌లో (బోర్డును ఎక్కడ కోయాలో చూపేది) స్లాట్ గీయండి. బోర్డు తయారుచేసేవాళ్లు అక్కడ కోసి ఇస్తారు. గ్రౌండ్ కాపర్‌ను అటువైపు పరవనేవద్దు.

ఆర్డర్ ఇచ్చే ముందు బోర్డును 1:1 స్కేల్‌లో ప్రింట్ తీయండి. ‘ఫిట్ టు పేజ్’ ఆపేయాలి సుమా. ఆ కాగితాన్ని థర్మోకోల్ ముక్క మీద పెట్టి, మీరు కొన్న రిలేను, టెర్మినల్ బ్లాకులను గుచ్చండి. ఒక్క కాలు పక్కకు జరిగినా ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద ఆ పార్టు కాళ్ల అమరిక) మార్చాల్సిందే.

ఒక్క మాట, మోటారును ఆ చిన్న రిలేతో నేరుగా నడపకండి. స్టార్టింగ్ కరెంటుకు కాంటాక్టులు అతుక్కుపోతే ట్యాంకు నిండినా మోటారు ఆగదు. రిలేతో కాంటాక్టర్ (మోటారు కరెంటును తట్టుకునే పెద్ద రిలే) కాయిల్‌ను ఆడించి, మోటారును కాంటాక్టర్ మీద నడపండి.