ముందు అమ్మమ్మ గొంతు రికార్డ్ చెయ్యి

నాన్నా, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అన్న అమెరికా నుంచి తెచ్చిన చిన్న హ్యాండీక్యామ్ వీడియో కెమెరా నీకిచ్చి వెళ్ళాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంక్రాంతి సెలవుల్లో పిల్లల్నీ అమ్మమ్మనీ తీసుకుని అరకు వెళ్తున్నారట, చాలా సంతోషం. ఫోన్లు ఉండగా మళ్ళీ ఇదెందుకని కోడలు అడిగిందట. అడగాల్సిన మాటే. వెలుగు తక్కువగా ఉన్నచోట ఇప్పటి మంచి ఫోన్లే బాగా తీస్తాయి, అందులో సందేహం లేదు. కానీ ఈ కెమెరాలో లెన్సు లోపలి అద్దాలు కదిలి దూరాన్ని దగ్గరకు తెస్తాయి. స్కూల్ వార్షికోత్సవంలో చివరి వరుసలో కూర్చున్నా స్టేజీ మీద చిన్నదాని ముఖం స్పష్టంగా పడుతుంది. మెనూలో డిజిటల్ జూమ్ అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని ఇవాళే ఆపెయ్. అది ఉన్న బొమ్మనే సాగదీసి చెడగొడుతుంది.

అక్కడి కెమెరా కాబట్టి రెండు సంగతులు చూసుకో. చార్జర్ వెనక 100-240 వోల్టులని రాసి ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టకు. రెండోది లైట్ల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, వాళ్ళది 60. మన పాత రకం ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి, కంటికి తెలియదు. వాళ్ళ లెక్కకు తయారైన కెమెరాతో మన హాల్లో తీస్తే మాత్రం వెలుగు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తుంది. షటర్ స్పీడ్, అంటే ఒక్కో బొమ్మకు కెమెరా వెలుగు తీసుకునే సమయం, మార్చే వీలుంటే 1/100 సెకను పెట్టు. లేకపోతే లైటు ఆపి కిటికీ పక్కన పగటి వెలుగులో తియ్యి, ముఖాలు కూడా అలాగే అందంగా వస్తాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. అరకు కొండలూ కాఫీ తోటలూ ఎక్కడికీ పోవు, వాటి వీడియోలు కావలసినన్ని దొరుకుతాయి. మీ తాతగారి ఫొటోలు ఆల్బమ్ నిండా ఉన్నాయి. ఆయన గొంతు మాత్రం మన దగ్గర ఎక్కడా లేదు. "ఏమోయ్" అని గేటు దగ్గర నుంచే పిలిచేవారు. ఆ పిలుపు ఎలా ఉండేదో నీ పిల్లలకు నేను ఎంత వర్ణించినా తెలియదు. అందుకే ప్రయాణం దాకా ఆగకు. ఈ వారంలోనే అమ్మమ్మ ముందు కూర్చో.

కూర్చునే ముందు ఫ్యాన్ ఆపు, టీవీ ఆపు, కుక్కర్ దించేదాకా ఆగు. కెమెరాలోని మైకుకు మన చెవిలా ఏది వినాలో ఏది వదలాలో తెలియదు, ఫ్యాన్ హోరునూ మాటనూ కలిపి పట్టేస్తుంది. దూరంగా కూర్చుని జూమ్ చేస్తే ముఖం దగ్గరకొస్తుంది కానీ గొంతు రాదు. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కూర్చో. కెమెరాకు మైకు పెట్టుకునే రంధ్రం ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో చొక్కాకు తగిలించే చిన్న మైకు అడుగు. ఈ కెమెరా మీద ఇంకేమీ కొనకపోయినా అది కొను.

"అమ్మమ్మా, ఏదైనా చెప్పు" అంటే ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. చేతికి చిక్కుడుకాయలు ఇచ్చి, ఈనెలు తీస్తుండగా అడుగు. పెళ్ళై హైదరాబాద్ వచ్చినప్పుడు మొదట ఎక్కడ దిగారు? ఇంటి అద్దె ఎంత? డబుల్ డెక్కర్ బస్సులో మేడ మీద కూర్చోడానికి మీ అమ్మా నేనూ ఎలా కొట్టుకునేవాళ్ళం? ఇలా చిన్న చిన్నవి అడుగు. ఆవిడ ఆగిపోయిందని వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యకు, రికార్డింగూ ఆపకు. కాసేపు ఊరికే ఉంటే అసలు మాట అప్పుడొస్తుంది. తెర ఆవిడ వైపు తిప్పకు. తనను తాను చూసుకుంటే పైట సర్దుకుంటూ మాట మర్చిపోతుంది. మొదట్లో నీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరెవరున్నారో చెప్పు. ఇరవై ఏళ్ళ తర్వాత చూసేవాళ్ళకు ఆ రెండు ముక్కలే ఆధారం.

చెయ్యి కుదురుకోవడానికి ఒక ఆదివారం పొద్దున్నే గోల్కొండ వెళ్ళండి. కోట లోపలికి వెళ్ళే ద్వారం కమాను కింద ఒకరు చప్పట్లు కొడితే పైన కొండ మీది బాలా హిస్సార్ మంటపం దగ్గర వినపడుతుంది కదా. పిల్లల్ని కోడలితో కింద ఉంచి, నువ్వు పైనుంచి ఆ చప్పుడు రికార్డ్ చెయ్యడానికి ప్రయత్నించు. గాలి మైకును ఎంత పాడుచేస్తుందో అక్కడే అర్థమవుతుంది. గాలికి నీ వీపు అడ్డం పెట్టు, మెనూలో గాలి హోరు తగ్గించే సెట్టింగ్ ఆన్ చెయ్. కమాను కింద మనిషిని నిలబెట్టి తీస్తే వెనక ఆకాశం వెలిగి ముఖం నల్లబడుతుంది, కాబట్టి మనిషిని వెలుగు వైపు తిప్పు. మోచేతులు పొట్టకు ఆనించి, ఒక్కో షాట్ కనీసం పది లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకో. అటూ ఇటూ తిప్పుతూ తీసిన వీడియో చూస్తే తల తిరుగుతుంది, ఇంట్లో ఎవరూ రెండోసారి పెట్టరు.

రైల్లో కిటికీలోంచి తీసేటప్పుడు లెన్సును అద్దానికి దాదాపు ఆనించు, లేకపోతే బోగీలోని లైట్లు అద్దంలో కనిపిస్తాయి. ఏసీ బోగీ దిగగానే మూత తియ్యకు, విశాఖ గాలిలోని తేమకు లెన్సు మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే కాసేపు ఉంచు. జనవరిలో అరకు చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, అదనపు బ్యాటరీని లోపలి జేబులో ఉంచుకో. పిల్లలకు కూడా కెమెరా ఇవ్వు. మెడకు తాడు వేసి ఇస్తే ఏమీ కాదు. లేకపోతే ఆ వీడియోల్లో నువ్వు ఎక్కడా ఉండవు. దారిలో కనబడ్డ గిరిజనుల్ని, వాళ్ళ పిల్లల్ని అడగకుండా తియ్యకు. అది వాళ్ళ ఊరు.

తీసినవి కార్డులోనే వదిలేయడం నాకు అస్సలు నచ్చదు. ఏవీసీహెచ్‌డీ అనే వీడియో పద్ధతిలో సెకనుకు 17 మెగాబిట్ల నాణ్యతతో తీస్తే 16 జీబీ కార్డులో దాదాపు రెండు గంటలు పడతాయి, ఆ తర్వాత చోటు కోసం ఏదో ఒకటి చెరిపేస్తారు. ఏ రోజుది ఆ రాత్రే లాప్‌టాప్‌లోకి దించు. విడివిడి ఫైళ్ళు లాగకు, కార్డులో ప్రైవేట్ అనే ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చెయ్. పెద్ద రికార్డింగ్‌ను కెమెరా ముక్కలు చేసి దాస్తుంది, వాటిని కలిపే వివరాలు ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. తిరిగొచ్చాక రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి మీ అమ్మ ఇంట్లో ఉంచు. వానాకాలంలో కెమెరాను తోలు సంచిలో బిగించి అలమరలో పెట్టకు, లెన్సుకు బూజు పడుతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచు. వాడని రోజుల్లో బ్యాటరీ సగం చార్జింగ్‌తో ఉండాలి.

ఇంకొకటి. మీ అమ్మ బీరువాలో నీ చిన్నప్పటి మినీ డీవీ వీడియో క్యాసెట్లు ఉన్నాయి. వాటిని ఆలస్యం చెయ్యకూడదు. వాటిని నడిపే కెమెరాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి, కొత్త లాప్‌టాప్‌లకు ఆ కెమెరాల నుంచి వీడియో దించే ఫైర్‌వైర్ కేబుల్ పెట్టే చోటే లేదు. మా పాత కెమెరా, పాత కంప్యూటర్ రెండూ ఇంకా పనిచేస్తున్నాయి. గంట క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి దించడానికి గంట పడుతుంది, 13 జీబీ దాకా చోటు కావాలి. అరకు నుంచి రాగానే ఖాళీ హార్డ్‌డిస్కు, క్యాసెట్లన్నీ పట్టుకుని నల్లకుంటలో మా ఇంటికి రా. పొద్దున్నే వస్తే సాయంత్రానికి నాలుగైదు అవుతాయి, భోజనం ఇక్కడే.

పెద్దమ్మ